పదిహేను వాట్లు

చిత్తూరులో చర్చివీధి మార్కెట్టు వైపు దిగే మలుపులో
ఆరడుగుల అంగడి నాది.
మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, పెళ్ళిపందిట్లో గొంతు పోయిన స్పీకర్లు.
ఆ నల్లపెట్టె రావడం ఇది మూడోసారి.
ఎనిమిదించుల కోను, పదిహేను వాట్లు.
వాల్వులు లేవు, అన్నీ ట్రాన్సిస్టర్లే.
కొత్తలో నాలుగువేల ఎనిమిదొందలు,
మునెయ్య చేతికొచ్చేసరికి
రెండువేలూ ఒక పాత సెల్‌ఫోనూ.

వెనక మూత విప్పితే చాలు
ఊళ్ళో గిటారు పట్టినోళ్ళకు ఎట్టా వాసన తగుల్తుందో,
టీ గ్లాసులతో సహా దిగిపోతారు.

జీవరత్నం సారు ఆర్కెస్ట్రాల్లో ముప్పయ్యేళ్ళు అరిగిన చెయ్యి.
కళ్ళు మూసుకోనే చెప్తాడు:
"వాల్వంటే కట్టెలపొయ్యి మింద సంగటప్పా.
ఇది కుక్కర్లో అన్నం.
ఉడుకుతుంది. కడుపు నిండుతుంది.
అంతకు మించి అడగబాకు."

దస్తగిరికి ఆ మాట గిట్టదు.
"నీ కట్టెలపొయ్యిని స్కూటరెక్కించి
మొగిలిఘాటు దాటించు సారూ, చూస్తాం."
బంగారుపాళెం పెళ్ళిలో వానకు తడిసి,
తోతాపురి కాయల లారీలో తలకిందులుగా ఊరు చేరి,
మర్నాడు స్విచ్చేస్తే
ఎర్రలైటు వెలిగించిందంట ఈ పెట్టె.
"మనిషైతే నెల్లాళ్ళు అలిగుండేవాడు."

నళిని ఇంజనీరింగు మూడో ఏడు.
గెయిన్ పెంచితే అగ్గిపెట్టెలో కందిరీగ అంటుంది,
మూతి తిప్పుతూ.
మళ్ళీ తనే,
"కానీ ఈ హెడ్‌ఫోను బొక్క ఉంది చూడన్నా,
హాస్టల్లో రాత్రి రెండుగంటలప్పుడు
ఎంత అరిచినా వార్డెనుకు తెలీదు.
నాకీ పెట్టిచ్చేస్తావా?"

ఇచ్చేదాని మాటెత్తితే మునెయ్య పలకడు.
అభిప్రాయం ఉండేవాడు కాదతను, పెట్టె ఉండేవాడు.
ఫిర్యాదొక్కటే:
సెల్‌ఫోను మోగేదానికి ముందే
దీనికి తెలిసిపోతుంది.
ట్ట ట్ట ట్ట డర్‌ర్‌ర్ అని.
మొన్న మంచి శుక్రవారం ఆరాధనలో
అందరూ తలలు వంచుకున్న ఆ మౌనంలో
డర్‌ర్‌ర్‌మంది.
ఎవరి జేబులోదో ఎవరికీ తెలీదు,
తిట్లు మాత్రం మునెయ్యకు.

సన్నటి రాగిరేకు కత్తిరించి లోపల అతికించాను.
పగుళ్ళిచ్చిన అతుకు ఒకటి కాల్చి మళ్ళీ వేశాను.
గుగ్గిలం పొగ కళ్ళలోకి.
వాదన అప్పటికి ధరల దాకా వచ్చింది,
చెన్నైలో ఎంత, బెంగుళూరులో ఎంత.

"నువ్వేమంటావు మేస్త్రీ?"
నళినే అడిగింది.
ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.

నేనేమంటాను?
ఒక తీగ మీటడం రాదు నాకు.
బాగైందా లేదా చూడాలంటే
కేబులు కొసన బొటనవేలు ఆనిస్తాను,
అంతవరకే నా విద్య.
ఆనించాను.
మ్‌మ్‌మ్‌మ్ అంది పెట్టె.

జీవరత్నం సారు గ్లాసు కింద పెట్టాడు.
"అది జీ.
రవంత శ్రుతి జాస్తి."

దస్తగిరి లావుతీగ మీద వేలుంచి సరిచూశాడు.
నిజమే.
కరెంటు పారే ప్రతి గోడలోనూ,
యాదమరిలో, పుంగనూరులో, నా అంగట్లో,
ఎవరూ వాయించకుండానే
అదే స్వరం పోతా ఉందంట.
నేను దాన్ని రోగమనుకుని
ఇన్నేళ్ళూ మాన్పిస్తా ఉన్నాను.

ఎవరి వేళ్ళు గొప్పవని అది అడగలేదు.
సీసం మరకల బొటనవేలికీ
ముప్పయ్యేళ్ళ చెయ్యికీ
తేడా తెలీని చవక పెట్టె.
అది లోపమో గుణమో
వాళ్ళనే తేల్చుకోనీ.

నూటయాభై అడిగితే
నూట ఇరవై చేతిలో పెట్టాడు మునెయ్య.
మిగిలిన ముప్పయ్యికీ
ఇంకొకసారి ఆనించాను బొటనవేలు.